ప్రత్యర్థి మెచ్చిన ప్రసంగం

1963 జూన్ 10న వాషింగ్టన్‌లోని అమెరికన్ యూనివర్సిటీ స్నాతకోత్సవంలో అమెరికా అధ్యక్షుడు జాన్ ఎఫ్. కెనడీ శాంతి గురించి ప్రసంగించారు. అరగంట కూడా పట్టని ఆ ప్రసంగానికి స్వదేశంలో దక్కిన స్పందనను రెండు అంకెలు చెబుతాయి. పన్నెండు రోజుల్లో దాని గురించి శ్వేతసౌధానికి చేరిన ఉత్తరాలు 1,677. వాటిలో తప్పుపడుతూ రాసినవి 30 మాత్రమే. అదే రోజుల్లో సరుకు రవాణా ఛార్జీల బిల్లు గురించి వచ్చిన ఉత్తరాలు 28 వేలు దాటాయి. ప్రపంచం అణుయుద్ధంలో మాడిపోకుండా ఎలా బతకాలో దేశాధ్యక్షుడు చెప్పిన మాట కంటే, సరుకు బండి బాడుగ ఎంత అన్నదే ఎక్కువ మంది చేత కలం పట్టించింది. ఉత్తరాల లెక్కను పట్టించుకునే కాంగ్రెస్ సభ్యులకు మతి లేదని కెనడీ తన సిబ్బందితో అన్నారు.

ఆ ప్రసంగానికి అసలైన మెప్పు అనుకోని చోటు నుంచి వచ్చింది. ఎవరితో పోరు నడుస్తోందో ఆ సోవియట్ యూనియన్ పత్రికలే దాన్ని పూర్తి పాఠంగా అచ్చువేశాయి. రూజ్‌వెల్ట్ తర్వాత ఏ అమెరికా అధ్యక్షుడూ ఇంత గొప్ప ప్రసంగం చేయలేదని సోవియట్ నాయకుడు నికితా కృశ్చెవ్ స్వయంగా అమెరికా దూతతో అన్నారు. రెండు నెలలు తిరక్కుండా ఆ మెప్పు ఒక ఒప్పందంగా మారింది.

పట్టాల పండుగలో రాజ్యపు మాట

అమెరికాలో స్నాతకోత్సవ ప్రసంగం చాలావరకు ఆశీర్వచనం లాంటిది. కష్టపడండి, కలలు కనండి, తల్లిదండ్రుల్ని మరువకండి అన్న మాటలతో ముగిసిపోతుంది. మన విశ్వవిద్యాలయాల్లోనూ జరిగేది అదే. అయితే ఆ వేదికకు మరో గుణం ఉంది. అక్కడ ఓట్లు అడగనక్కర్లేదు, చట్టసభలో లాగా అడ్డుతగిలేవాళ్ళు ఉండరు. ఎదురుగా కూర్చున్నవాళ్ళు రేపటి ప్రపంచంలో బతకాల్సినవాళ్ళు. అందుకే పెద్ద విధానాన్ని తొలిసారి బయటపెట్టడానికి కొందరు నాయకులు ఆ వేదికనే ఎంచుకున్నారు.

కెనడీకి పదహారేళ్ళ ముందు, 1947 జూన్ 5న హార్వర్డ్‌లో గౌరవ పట్టా అందుకోవడానికి వచ్చిన విదేశాంగ మంత్రి జార్జ్ మార్షల్ సుమారు పన్నెండు నిమిషాల పాటు మాట్లాడారు. రెండో ప్రపంచ యుద్ధంలో చితికిపోయిన ఐరోపా తన అవసరాలను తానే లెక్కగట్టి, ఉమ్మడి పథకంతో ముందుకొస్తే అమెరికా ఆదుకుంటుందన్నది ఆ ప్రసంగ సారం. అమెరికా పత్రికలు దానికి పెద్దగా చోటివ్వలేదు. వాషింగ్టన్‌లోని బ్రిటిష్ దౌత్య కార్యాలయం కూడా ఆ పాఠాన్ని తంతి ద్వారా లండన్‌కు పంపలేదు. తంతి ఖర్చు దండగ అనుకున్నారట. బ్రిటన్ విదేశాంగ మంత్రి ఎర్నెస్ట్ బెవిన్ ఆ విషయాన్ని బీబీసీ రేడియోలో విన్నారు. మార్షల్ అన్నదాని అసలు అర్థమేమిటో వాషింగ్టన్‌ను అడిగి తెలుసుకుందామని అధికారులు సూచిస్తే ఆయన ఒప్పుకోలేదు. అడిగితే వాళ్ళు వెనక్కి తగ్గుతారేమోనని బెవిన్ శంక. ఇచ్చిన మాటను మాటగానే పట్టుకుని ఐరోపా దేశాలను కూడగట్టారు. పారిస్‌లో పదహారు దేశాలు సమావేశమయ్యాయి. నాలుగేళ్ళలో సుమారు 1,300 కోట్ల డాలర్ల సాయం అందింది. హార్వర్డ్ ప్రాంగణంలో చప్పట్లు కొట్టినవాళ్ళెవరో చరిత్రకు గుర్తులేదు. ఆ ప్రసంగాన్ని నిజంగా మెచ్చుకున్నవాడిగా మిగిలింది బెవినే.

ప్రజా వ్యవహారాల మీద చేసిన ప్రసంగం మామూలు ఉపన్యాసం కాదు. అది ఎవరినో ఏదో చేయమని పిలుస్తుంది. ఆ పిలుపు అందుకుని కదిలినవాళ్ళే దాన్ని మెచ్చినవాళ్ళు. కెనడీ ప్రసంగం విషయంలో ఇది ఇంకా స్పష్టంగా కనబడుతుంది.

పాలపళ్ళలో అణుధూళి

1962 అక్టోబరులో క్యూబా క్షిపణుల వివాదం పదమూడు రోజుల పాటు ప్రపంచాన్ని అణుయుద్ధం అంచున నిలబెట్టింది. కెనడీ, కృశ్చెవ్ ఇద్దరూ ఆ అంచు నుంచి కిందికి తొంగి చూసినవాళ్ళే. ఆ తర్వాత ఇద్దరి ఉత్తరాల్లోనూ కొంత మార్పు వచ్చింది. కానీ అణు పరీక్షల నిషేధంపై చర్చలు మాత్రం ఏళ్ళ తరబడి ఒక్కచోటే ఆగిపోయాయి. భూగర్భ పరీక్షలు చాటుగా జరగడం లేదని నిర్ధారించుకోవడానికి సోవియట్ భూభాగంలో ఏటా ఎన్ని తనిఖీలు జరపాలన్నది ఆ తగవు. సోవియట్ పక్షం రెండు మూడుకు మించి ఒప్పుకోనంది. అమెరికా అంతకంటే ఎక్కువ కావాలంది.

ఈలోపు ఆకాశంలో పేలుళ్ళు ఆగలేదు. 1954 మార్చి 1న పసిఫిక్‌లోని బికినీ దీవుల్లో అమెరికా పేల్చిన హైడ్రోజన్ బాంబు బూడిద, దూరంగా చేపలు పడుతున్న జపాన్ పడవ మీద మంచులా రాలింది. పడవలోని జాలర్లు జబ్బుపడ్డారు, ఒకరు చనిపోయారు. 1958 నుంచి 1961 దాకా మూడేళ్ళు పరీక్షలకు విరామం నడిచింది. 1961 సెప్టెంబరులో సోవియట్ యూనియన్ మళ్ళీ మొదలుపెట్టింది. ఆ అక్టోబరు 30న ఆర్కిటిక్ ప్రాంతంలోని నోవాయా జెమ్లియా మీద పేల్చిన బాంబు శక్తి సుమారు 50 మెగాటన్నులు. మనిషి చేసిన పేలుళ్ళలో అంతకు మించింది లేదు. అమెరికా కూడా పరీక్షలకు దిగింది.

పేలుడు జరిగిన చోటే ఆ కీడు ఆగిపోదు. స్ట్రాన్షియం-90 అనే రేడియోధార్మిక పదార్థం గాలిలో తేలి, వానతో గడ్డి మీదికి దిగుతుంది. ఆ గడ్డి మేసిన ఆవు పాలలో చేరుతుంది. కాల్షియాన్ని పోలిన గుణం ఉండటంతో ఆ పాలు తాగిన పసివాళ్ళ ఎముకల్లో, పళ్ళలో కూర్చుంటుంది. మిస్సోరి రాష్ట్రంలోని సెయింట్ లూయిస్ నగరంలో 1958లో మొదలైన ఒక అధ్యయనం కోసం తల్లులు పిల్లల ఊడిన పాలపళ్ళను కవర్లలో పెట్టి పంపేవారు. పన్ను ఇచ్చిన పిల్లవాడికి, శాస్త్రం కోసం నా పన్ను ఇచ్చాను అని రాసిన బ్యాడ్జీ వచ్చేది. రాజ్యాల బలప్రదర్శన ఇంట్లో పిల్లవాడి నోటి దాకా వచ్చిందని జనానికి అర్థమైంది ఇలాంటి పనుల వల్లే.

ప్రసంగం వెనుక ఒక పత్రికా సంపాదకుడి చొరవ ఉంది. సాటర్డే రివ్యూ సంపాదకుడు నార్మన్ కజిన్స్ అప్పట్లో వాటికన్, వాషింగ్టన్, మాస్కోల మధ్య మధ్యవర్తిగా తిరుగుతుండేవారు. 1963 ఏప్రిల్‌లో నల్ల సముద్ర తీరంలోని విడిదిలో కృశ్చెవ్‌ను కలిసి వచ్చారు. తనిఖీల విషయంలో అమెరికా తనను మోసం చేసిందన్న భావం కృశ్చెవ్‌లో బలంగా ఉందని కెనడీకి చెప్పారు. బేరసారాలతో ముడి వీడదనీ, రష్యన్ ప్రజల పట్ల కొత్త వైఖరి చూపే ధైర్యమైన ప్రసంగం ఒకటి కావాలనీ సూచించారు. అదే నెల 11న పోప్ ఇరవై మూడవ జాన్ విడుదల చేసిన శాంతి సందేశం కూడా ఈ ఆలోచనకు ఊతమిచ్చింది. ఆ పోప్ కెనడీ ప్రసంగానికి వారం ముందు, జూన్ 3న కన్నుమూశారు.

ప్రసంగం చిత్తుప్రతిని ప్రధానంగా థియోడర్ సోరెన్సెన్ రాశారు. ఆయన కెనడీకి ఏళ్ళ తరబడి మాటసాయం చేసిన సలహాదారు. రక్షణ శాఖకు, విదేశాంగ శాఖకు మామూలు పద్ధతిలో ఫైలు పంపితే మాటల పదునంతా పోతుందని కెనడీకి తెలుసు. అందుకే శ్వేతసౌధంలోని కొద్దిమందికి మించి ఆ ప్రతిని చాలాకాలం ఎవరూ చూడలేదు. ఈ జాగ్రత్తే ప్రసంగాన్ని కాపాడిందని చెప్పాలి. నలుగురైదుగురు అధికారులు చేయి చేసుకున్న శాంతి ప్రసంగంలో శాంతి కంటే షరతులే ఎక్కువగా మిగులుతాయి.

రాత్రి బడి పట్టా, అరగంట పట్టా

ప్రసంగానికి ముందు రోజు, జూన్ 9న కెనడీ హవాయిలోని హొనొలులులో ఉన్నారు. మేయర్ల సదస్సులో మాట్లాడి, రాత్రంతా విమానంలో ప్రయాణించి, సోమవారం ఉదయం వాషింగ్టన్ చేరారు. దారిలో సోరెన్సెన్‌తో కలిసి చివరి మార్పులు చేశారు. నేరుగా విశ్వవిద్యాలయ క్రీడా మైదానంలోని వేదిక దగ్గరికి వచ్చారు.

ఆరోజు పట్టా అందుకున్నవాళ్ళలో పశ్చిమ వర్జీనియా సెనెటర్ రాబర్ట్ బర్డ్ ఉన్నారు. పగలు చట్టసభలో కూర్చుని, రాత్రిళ్ళు తరగతులకు వెళ్ళి, పదేళ్ళు కష్టపడి ఆయన న్యాయశాస్త్ర పట్టా సంపాదించారు. బర్డ్ ఏళ్ళ తరబడి రాత్రి బడికి వెళ్ళి తెచ్చుకున్న పట్టాను తాను రాబోయే ముప్పై నిమిషాల్లో సంపాదించబోతున్నానని కెనడీ చమత్కరించారు. గౌరవ డాక్టరేట్ అందుకునే పెద్దమనుషులు కష్టపడి చదివినవాళ్ళకు ఇవ్వాల్సిన గౌరవం ఆ మాటలో ఉంది. సభ నవ్వింది. ఆ వెంటనే కెనడీ అసలు విషయంలోకి వెళ్ళారు.

ఆయన ముందుగా అడిగిన ప్రశ్న, ఎలాంటి శాంతి కావాలన్నది. అమెరికా ఆయుధాలతో లోకం మీద రుద్దే శాంతి కాదన్నారు. సమాధుల్లో ఉండే నిశ్శబ్దం కాదు, బానిసలకు దక్కే భద్రతా కాదన్నారు. మనుషులు, దేశాలు ఎదుగుతూ, పిల్లలకు మెరుగైన బతుకు ఇవ్వగలిగే శాంతి కావాలన్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో మిత్రపక్షాల విమాన దళాలన్నీ కలిసి కురిపించిన బాంబుల మొత్తానికి దాదాపు పదిరెట్ల శక్తి ఒక్క అణ్వస్త్రంలో ఉన్న కాలంలో యుద్ధానికి అర్థమే లేదని చెప్పారు.

తర్వాత వేలు తమ వైపే తిప్పుకున్నారు. శాంతి పట్ల, సోవియట్ యూనియన్ పట్ల, ప్రచ్ఛన్న యుద్ధం పట్ల అమెరికన్లు తమ వైఖరిని తామే పునఃపరిశీలించుకోవాలన్నారు. శాంతి అసాధ్యమన్న నమ్మకం ఓటమిని ముందే ఒప్పుకోవడమేననీ, మనుషులు తెచ్చిన సమస్యను మనుషులే తీర్చగలరనీ అన్నారు. ఒక మంత్రం వేసినట్టు శాంతి వచ్చిపడదనీ, ఒక్కో అడుగుగా, ఒక్కో ఒప్పందంగా అది రూపుకడుతుందనీ చెప్పారు.

ప్రసంగం గుండెకాయ ఆ తర్వాత వచ్చే భాగం. అమెరికా దాడికి సిద్ధమవుతోందంటూ సోవియట్ సైనిక గ్రంథం ఒకటి చేసిన ఆరోపణలను కెనడీ చదివి వినిపించారు. అవతలివాళ్ళు మనల్ని ఇంత వక్రంగా చూస్తున్నారని బాధపడుతూనే, మనమూ అదే గోతిలో పడకూడదని హెచ్చరించారు. కమ్యూనిజం తమకు ససేమిరా సరిపడదని దాపరికం లేకుండా చెప్పారు. అయినా ఏ ప్రభుత్వమూ, ఏ వ్యవస్థా దాని కింద బతికే ప్రజల్లో మంచితనమే లేదనిపించేంత చెడ్డది కాదన్నారు. శాస్త్రంలో, అంతరిక్షంలో, పరిశ్రమల్లో, సంస్కృతిలో, సాహసంలో రష్యన్ ప్రజలు సాధించినవాటిని మెచ్చుకోవచ్చన్నారు.

అక్కడి నుంచి యుద్ధ నష్టం దగ్గరికి వచ్చారు. రెండో ప్రపంచ యుద్ధంలో సోవియట్ యూనియన్ కనీసం రెండు కోట్ల మందిని పోగొట్టుకుంది. లెక్కలేనన్ని ఇళ్ళు, పొలాలు కాలిపోయాయి. దేశంలో మూడో వంతు, పరిశ్రమల్లో దాదాపు మూడింట రెండు వంతులు బూడిదయ్యాయి. ఇది ఎంతటి నష్టమో అమెరికన్లకు అర్థమయ్యేలా, షికాగోకు తూర్పున ఉన్న అమెరికా అంతా నాశనమైనట్టు ఊహించుకోమన్నారు. న్యూయార్క్, బోస్టన్, ఫిలడెల్ఫియా, వాళ్ళు కూర్చున్న వాషింగ్టన్ కూడా ఆ గీతకు తూర్పునే ఉన్నాయి. కోట్ల అంకె చెప్పలేనిదాన్ని పటం మీద గీసిన ఆ ఒక్క గీత చెప్పింది. శత్రువుగా ప్రకటించిన జాతి పడిన దుఃఖాన్ని ఒక దేశాధినేత తన ప్రజల ముందు ఇంత వివరంగా, ఇంత గౌరవంగా చెప్పిన సందర్భాలు చాలా అరుదు. ఆ కాలంలో మరీ అరుదు.

రెండు దేశాలు ఎన్నడూ ఒకదానితో ఒకటి యుద్ధం చేయలేదని గుర్తుచేశారు. అందరమూ ఈ చిన్న గ్రహం మీదే ఉంటున్నామనీ, ఒకే గాలి పీలుస్తున్నామనీ, పిల్లల భవిష్యత్తునే కోరుకుంటున్నామనీ, చివరికి అందరికీ చావు తప్పదనీ అన్న వాక్యాలు ఇక్కడివే. అణుధూళి రాలుతున్న రోజుల్లో ఒకే గాలి అన్న మాట అలంకారం కాదు, ఉన్నదున్నట్టు చెప్పిన నిజం.

చివర్లో రెండు ప్రకటనలు చేశారు. పరీక్షల నిషేధంపై అమెరికా, బ్రిటన్, సోవియట్ ప్రతినిధులు త్వరలో మాస్కోలో చర్చలు జరుపుతారన్నది మొదటిది. కృశ్చెవ్ అంగీకారం అంతకు కొద్దిరోజుల ముందే అందింది. ఇతర దేశాలు చేయనంత కాలం వాతావరణంలో తామూ అణు పరీక్షలు జరపబోమన్నది రెండోది. మంచి మాటల వెంట ఒక పని కూడా ఉండటంతో ఆ ప్రసంగానికి బరువు వచ్చింది.

స్వదేశం గురించి కూడా ఒక మాట అన్నారు. స్వేచ్ఛ అసంపూర్ణంగా ఉన్నందువల్ల అమెరికాలోని చాలా నగరాల్లో శాంతికి భద్రత లేదన్నారు. మర్నాడు అలబామా విశ్వవిద్యాలయంలో ఇద్దరు నల్లజాతి విద్యార్థుల్ని చేరనీయకుండా ఆ రాష్ట్ర గవర్నర్ జార్జ్ వాలెస్ గుమ్మంలో నిలబడ్డారు. ఆ రాత్రే కెనడీ టెలివిజన్‌లో పౌరహక్కుల గురించి జాతినుద్దేశించి మాట్లాడారు. కొద్ది గంటలకే మిసిసిపీలో పౌరహక్కుల నాయకుడు మెడ్గర్ ఎవర్స్‌ను కాల్చి చంపారు. శాంతి ప్రసంగం పత్రికల్లో వెనక్కి జరగడానికి ఇదీ ఒక కారణం. ప్రజలకు శాంతి పట్టలేదని తొందరపడి తీర్పు చెప్పడం న్యాయం కాదు. ఆ వారం అమెరికాకు ఊపిరి తిప్పుకునే సందు లేదు.

మాస్కో చదివింది

అమెరికా రాజకీయ వర్గాల్లో ప్రసంగంపై అనుమానాలు వినిపించాయి. మెతకదనం పనికిరాదని కొందరు రిపబ్లికన్ సభ్యులు విమర్శించారు. బ్రిటన్‌లో గార్డియన్ పత్రిక మాత్రం అమెరికా చరిత్రలోని గొప్ప ప్రభుత్వ పత్రాల్లో ఇదొకటని రాసింది.

సోవియట్ స్పందన ఊహకు అందనిది. అధికార పత్రికలు ప్రసంగం మొత్తాన్ని ప్రచురించాయి. కమ్యూనిజాన్ని తప్పుపట్టిన వాక్యాలు, సోవియట్ సైనిక గ్రంథాన్ని ఎత్తిచూపిన వాక్యాలు కూడా పాఠకుల చేతికి వెళ్ళాయి. వాయిస్ ఆఫ్ అమెరికా రష్యన్ ప్రసారాలు జనానికి వినిపించకుండా సోవియట్ ప్రభుత్వం ఏళ్ళ తరబడి రేడియో తరంగాల్లో రొద నింపుతూ వచ్చింది. ఈ ప్రసంగం ప్రసారమైనప్పుడు ఆ రొద దాదాపుగా ఆగింది. పునఃప్రసారానికి అసలు అడ్డే తగల్లేదు. కొద్దిరోజులకు పాశ్చాత్య రేడియోలపై ఆ అడ్డంకి చాలావరకు తొలగిపోయింది.

మెప్పు తెలపడంలో ఇంతకంటే మంచి పద్ధతి ఉండదు. కృశ్చెవ్ తన ప్రజలకు ప్రసంగ సారాంశమో, తనకు నచ్చిన నాలుగు ముక్కలో ఇవ్వలేదు. తనపై చేసిన విమర్శతో సహా మొత్తం చదువుకోనిచ్చారు. ఎదుటివాడి మాటను కత్తిరించకుండా వినడం ప్రజా జీవితంలో అన్నిటికంటే పెద్ద గౌరవం.

ఆ తర్వాత పనులు చకచకా జరిగాయి. జూన్ 20న వాషింగ్టన్, మాస్కోల మధ్య హాట్‌లైన్ ఏర్పాటుకు జెనీవాలో సంతకాలయ్యాయి. జూలై 2న తూర్పు బెర్లిన్‌లో మాట్లాడుతూ కృశ్చెవ్ తనిఖీల తగవును పక్కనపెట్టే దారి చూపారు. భూగర్భ పరీక్షలను వదిలేసి గాలిలో, నీటిలో, అంతరిక్షంలో జరిపేవాటిని నిషేధిద్దామన్నారు. అవి దూరం నుంచే పసిగట్టగలిగినవి కాబట్టి ఎవరి గడపలోకీ తనిఖీ అధికారులు వెళ్ళనక్కర్లేదు. జూలై 15న మాస్కోలో చర్చలు మొదలయ్యాయి. అమెరికా తరఫున వెళ్ళిన అవెరెల్ హారిమన్ యుద్ధకాలంలో అక్కడ రాయబారిగా పనిచేసినవారు. కెనడీ ప్రసంగాన్ని కృశ్చెవ్ పొగిడింది ఆయన దగ్గరే. పది రోజుల్లో, జూలై 25న ఒప్పందం పాఠం ఖరారైంది. ఆగస్టు 5న మూడు దేశాల విదేశాంగ మంత్రులు మాస్కోలో సంతకాలు చేశారు.

అమెరికాలో ఒప్పందం అమలు కావాలంటే సెనెట్‌లో మూడింట రెండు వంతుల మద్దతు తప్పనిసరి. ఇక్కడ కెనడీ ప్రజల మౌనాన్ని నమ్ముకుని ఊరుకోలేదు. జూలై 26న టెలివిజన్‌లో ఒప్పందాన్ని వివరించారు. నార్మన్ కజిన్స్ మళ్ళీ రంగంలోకి దిగి, పౌర సంఘాలు, మత పెద్దలు, శాస్త్రవేత్తలు, మహిళా సంఘాలతో ప్రచారం నడిపారు. జూన్‌లో పదిహేడు వందల ఉత్తరాలు కూడా రాని విషయం మీద సెప్టెంబరు నాటికి జనాభిప్రాయం గట్టిగా అనుకూలించింది. సెప్టెంబరు 24న సెనెట్ 80-19 ఓట్లతో ఆమోదించింది. అక్టోబరు 10న ఒప్పందం అమల్లోకి వచ్చింది. కెనడీ ఆ తర్వాత ఆరు వారాలే బతికారు.

భారతదేశం ముందే అడిగింది

ఈ కథలో భారతదేశానికి గట్టి చోటుంది. బికినీ పేలుడు జరిగిన నెలకు, 1954 ఏప్రిల్ 2న ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ లోక్‌సభలో మాట్లాడుతూ, పూర్తి నిరాయుధీకరణ కుదిరేదాకా కనీసం పరీక్షలనైనా నిలిపివేయాలని కోరారు. ఒక ప్రభుత్వాధినేత బహిరంగంగా పెట్టిన ఇలాంటి ప్రతిపాదనల్లో అది మొదటిది. అణ్వస్త్రాలున్న దేశాలు ఆ మాట చెవిన పెట్టడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. ఒప్పందంపై మూడు దేశాలు సంతకం చేసిన మూడో రోజునే, 1963 ఆగస్టు 8న భారత్ సంతకం చేసింది. అనంతర కాలంలో వందకు పైగా దేశాలు చేరాయి.

తెలుగు నేలతో అనుబంధమున్న మరో సంగతి ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్ 1963లో భారత రాష్ట్రపతి. ఆయన అమెరికా పర్యటనకు వెళ్ళి, జూన్ మొదటి వారంలో శ్వేతసౌధంలో కెనడీ ఆతిథ్యం అందుకున్నారు. ప్రసంగానికి అది వారం ముందు మాట. స్నాతకోత్సవ వేదికను ప్రపంచ వ్యవహారాల చర్చకు వాడుకోవడం రాధాకృష్ణన్‌కు జీవితమంతా అలవాటైన పనే. విశ్వవిద్యాలయం జాతీయ ద్వేషాలకు అతీతంగా ఆలోచించే చోటు కావాలన్న నమ్మకం ఆయన ఉపన్యాసాల్లో పదేపదే వినిపిస్తుంది.

మెప్పుకు హద్దులు

ప్రసంగాన్ని నిజంగా గౌరవించేవారు దాని ఫలితాలను పెంచి చెప్పరు. 1963 ఒప్పందం పరీక్షలను భూమి కిందికి పంపిందే కానీ ఆపలేదు. భూగర్భ పరీక్షలు ఆ తర్వాత మూడు దశాబ్దాలు సాగాయి. ఆయుధాల నిల్వలు పెరుగుతూనే పోయాయి. ఫ్రాన్స్, చైనా సంతకం చేయలేదు. 1964 అక్టోబరులో చైనా తన తొలి బాంబును గాలిలోనే పేల్చింది. భారత్ 1974 మే 18న పోఖ్రాన్‌లో జరిపిన తొలి పరీక్ష భూగర్భంలో జరిగింది కాబట్టి ఒప్పందానికి లోబడే ఉంది. శాంతి గురించి అంత బాగా మాట్లాడిన ప్రభుత్వం హయాంలోనే వియత్నాంలో అమెరికా సైనిక సలహాదారుల సంఖ్య వేలల్లోకి పెరిగింది. ఇవన్నీ చెప్పకుండా ప్రసంగాన్ని పొగిడితే అది భజన అవుతుంది.

ఇన్ని లోట్లున్నా ఆ ప్రసంగం నిలిచింది. సోరెన్సెన్ తాను చేయి పెట్టినవాటిలో దీన్ని అన్నిటికంటే ముఖ్యమైనదిగా ఎంచారు. ఆర్థికవేత్త జెఫ్రీ శాక్స్ యాభై ఏళ్ళ సందర్భంగా 2013లో దీని చుట్టూనే ఒక పుస్తకం రాశారు. జూన్ 10, 11 తేదీలు రెండింటి మీదే ఆండ్రూ కోహెన్ 2014లో మరో పుస్తకం వెలువరించారు. చిత్తుప్రతులు బోస్టన్‌లోని కెనడీ గ్రంథాలయంలో ఉన్నాయి. ప్రసంగం పూర్తి పాఠం, దృశ్యం రెండూ ఎవరికైనా దొరుకుతాయి.

నేడు అమెరికా విశ్వవిద్యాలయాల పట్టాల వేడుకల్లో తెలుగు కుటుంబాలు వరుసలకు వరుసలు కనిపిస్తున్నాయి. హైదరాబాద్ నుంచి, విజయవాడ నుంచి, పల్లెల నుంచి వెళ్ళిన తల్లిదండ్రులు పిల్లల ఫొటోల కోసం ఎదురుచూస్తూ వేదిక మీది ప్రసంగాన్ని దాటవేయడం సహజమే. ఇక్కడి విశ్వవిద్యాలయాల్లోనూ అతిథి ఉపన్యాసం మర్నాడు పత్రికలో నాలుగు పంక్తులకు కుదించుకుపోతుంది. ఆ ఉపన్యాసం దేశం గురించి, నీటి గురించి, యుద్ధం గురించి, చట్టం గురించి తెగించి ఒక మాట చెబితే దాన్ని పట్టించుకోవాల్సిన బాధ్యత విన్నవాళ్ళది. నచ్చిన వాక్యమేదో, ఎందుకు నచ్చిందో రాసి వక్తకు పంపవచ్చు. ఒప్పుకోని చోట ఎందుకు ఒప్పుకోలేదో అంతే మర్యాదగా చెప్పవచ్చు. పూర్తి పాఠాన్ని అచ్చువేసి నలుగురికీ పంచవచ్చు. చేయమన్న పనిలో తన చేతనైనంత చేయవచ్చు. 1963లో కజిన్స్, హారిమన్, కృశ్చెవ్ చేసిన పనులు పెద్ద స్థాయిలో ఇవే.

అమెరికా, బ్రిటన్, సోవియట్ యూనియన్ 1963 అక్టోబరు 10 తర్వాత వాతావరణంలో ఒక్క అణు పరీక్షా జరపలేదు. ఫ్రాన్స్ 1974లో మానుకుంది. చైనా చివరిసారి 1980 అక్టోబరు 16న జరిపింది. ఆ తర్వాత ఏ దేశమూ గాలిలో అణుబాంబు పేల్చలేదు.